యమునా జలం, సీమ కరువు: సమకాలీన నృత్యంలో ఆడే శరీరం, చూసే కన్ను

వ్యాససంగ్రహం

1952లో రాయలసీమ కరువు సహాయనిధి కోసం ఏర్పాటైన తన అరంగేట్రంలో "మథురా నగరిలో" అనే తెలుగు పాటను అభినయిస్తూ చంద్రలేఖ ఎదుర్కొన్న సంఘర్షణ భారతీయ సమకాలీన నృత్యచరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే ఘట్టం. పాట తెలుగుది, కరువు తెలుగు నేలది. అయినా తెలుగు నృత్యచరిత్రను ప్రధానంగా కూచిపూడి చరిత్రగా చెప్పుకొనే అలవాటులో ఈ ఘట్టానికి చోటు దొరకదు. ఒక నృత్య విద్యార్థి తన ప్రదర్శన గురించి చేసిన ఆలోచనగా ఈ ఘట్టాన్ని పరిశీలించి, దానిని రససిద్ధాంతంలోని "విఘ్న" భావనతోను, వెంపటి చినసత్యం "చండాలిక"తోను, ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ళతోను పోల్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆడుతున్న శరీరం తానున్న దేశకాలాలను గుర్తించడమే సమకాలీనత అని, ఆ గుర్తింపు ఎవరి పేరున నమోదవుతున్నదో అడగడం విమర్శ బాధ్యత అని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సమకాలీన నృత్యం, చంద్రలేఖ, రసవిఘ్నం, కూచిపూడి, చండాలిక, తప్పెటగుళ్ళు, ఉత్తరాంధ్ర

1. ఉపోద్ఘాతం

తెలుగునాట "కాంటెంపరరీ" అనే మాటకు టెలివిజన్ నృత్యపోటీలు ఒక స్థిరమైన అర్థాన్ని కల్పించాయి. నేలమీద దొర్లడం, జోడీని గాలిలోకి ఎత్తి తిప్పడం, విషాదగీతానికి జుట్టు విరబోసుకొని పరుగెత్తడం వంటి లక్షణాలు కనిపిస్తే అది కాంటెంపరరీ. కనిపించకపోతే శాస్త్రీయం, జానపదం, సినిమా అనే మరో గడిలోకి పోతుంది. ఈ వర్గీకరణలో కాంటెంపరరీ ఒక శైలి మాత్రమే. "సమకాలీన నృత్యం" అనే సమాసం మాత్రం శైలిని చెప్పదు, కాలంతో గల సంబంధాన్ని చెబుతుంది. అయితే కాలంతో కలిసి నడవవలసినది ఏది? నృత్యవస్తువా, నర్తకి శరీరమా, ప్రేక్షకుని చూపా? ఈ ప్రశ్నకు సమాధానం ఆ సమాసంలో దొరకదు, ప్రదర్శనల్లో వెదకవలసిందే.

ఈ ప్రశ్న నగరాల్లోని నృత్యసంస్థల కన్నా చిన్న ఊళ్ళలోని విద్యార్థులకు ఎక్కువ ఇబ్బందికరమైనది. చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇది చెరకు పండే ప్రాంతం. గోవాడ సహకార చక్కెర కర్మాగారం ఈ మండలంలోనే ఉంది. బెల్లం మార్కెట్‌కు పేరుపొందిన అనకాపల్లి దగ్గరి పట్టణం. కూచిపూడి నర్తకి శోభానాయుడు జన్మస్థలం కూడా అనకాపల్లే. ఇటువంటి చోట కూచిపూడి అభ్యసించే విద్యార్థిని సమకాలీన నృత్యాన్ని ఎక్కువగా చూసేది ఫోను తెరమీద. ఆమె నేర్చుకున్న జతులకు, ఆ తెరమీద కనిపించే నిశ్శబ్ద శరీరాలకు మధ్య వంతెన ఏమిటో చెప్పే తెలుగు విమర్శ ఆమెకు సులభంగా అందదు. అందువల్ల ఆమె ముందు రెండు దారులే మిగులుతాయి: అది తనది కాదని పక్కన పెట్టడం, లేదా దాని బాహ్య చలనాలను అనుకరించడం. ఈ రెంటికీ భిన్నమైన మూడో దారి ఉన్నదని చూపడానికి ఒక పాత అరంగేట్రం ఆధారమవుతుంది.

2. అరంగేట్రంలో చీలిక

చంద్రలేఖ (1928–2006) మహారాష్ట్రలోని వాడాలో జన్మించారు. న్యాయశాస్త్ర అధ్యయనాన్ని విడిచి నృత్యానికి వచ్చి, కాంచీపురం ఎల్లప్పపిళ్ళై వద్ద భరతనాట్యం అభ్యసించారు. హైదరాబాదులో జన్మించిన కవి హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ సాహచర్యం ఆమె కళాజీవితంపై గాఢమైన ప్రభావం చూపింది. 1952లో ఆమె అరంగేట్రం రాయలసీమ కరువు సహాయనిధి కోసం జరిగింది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడలేదు. రాయలసీమ ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో భాగం.

ఆ ప్రదర్శనలోని అంశాల్లో "మథురా నగరిలో" ఒకటి. మథురకు పోతున్న గొల్లభామ దారికి అడ్డు నిలిచిన కృష్ణుని తప్పుకొమ్మని వేడుకొనే సన్నివేశం దాని ఇతివృత్తం. భరతనాట్య, కూచిపూడి కళాకారులు ఇద్దరూ ఆడే అంశమిది. అభినయ సంప్రదాయం ప్రకారం నర్తకి పాటలోని మాటల దగ్గర ఆగిపోదు. సంచారీభావాలతో సన్నివేశాన్ని విస్తరిస్తుంది. చంద్రలేఖ యమునా ప్రవాహాన్ని, చెలికత్తెల జలక్రీడను, నీటి సమృద్ధిని అభినయిస్తున్నారు. గురువు పాడుతున్నారు. ఆ క్షణంలో పత్రికల్లో చూసిన ఛాయాచిత్రాలు ఆమె మనసులో మెదిలాయి: నెర్రెలిచ్చిన నేల, చిన్న చిన్న డబ్బాలు పట్టుకొని నీటికోసం బారులు తీరిన జనం. కరువు పేరున జరిగే సభలో తాను నీటి వైభవాన్ని ఆడుతున్నానన్న స్పృహతో ఒక్క క్షణం తాను ఇద్దరు మనుషులుగా చీలిపోయినట్లు అనిపించిందని తరువాతి కాలంలో ఆమె చెప్పుకున్నారు. కళకూ జీవితానికీ మధ్య కనిపించిన ఆ వైరుధ్యం ఆమెను జీవితాంతం వెంటాడింది. రుస్తుం భరూచా 1995లో చంద్రలేఖపై ప్రచురించిన గ్రంథం ద్వారా ఈ ఘట్టం నృత్యాధ్యయనాల్లో విస్తృతంగా ప్రచారం పొందింది.

ఈ ఘట్టాన్ని సాధారణంగా ఒక మహాకళాకారిణి మేల్కొలుపు కథగా చెబుతారు. అలా చెప్పడంలో ఒక విషయం మరుగున పడుతుంది. అరంగేట్రం చేసే వ్యక్తి విద్యార్థి. ఆ రోజున చంద్రలేఖకు సమకాలీన నృత్యమనే శైలి తెలియదు. దానికి నమూనా లేదు, దానిని నేర్పే గురువూ లేరు. ఆమె శరీరం చేస్తున్నది పూర్తిగా సంప్రదాయ నృత్యమే.  ప్రేక్షకులకు ఆ చీలిక కనిపించి ఉండవలసిన అవసరమూ లేదు. అంటే సమకాలీనత మొదట రంగస్థలంపై కనిపించే రూపంగా రాలేదు. ఆడుతున్న మనిషి తన హస్తాలు పలికే అర్థానికి, సభ జరుగుతున్న సందర్భానికి మధ్య దూరాన్ని గుర్తించడంగా వచ్చింది.

ఇందులో పాట తప్పు ఏమీ లేదన్నది కూడా గమనించాలి. మరో సభలో, మరో ఏడాదిలో అదే అభినయం నిర్దోషంగా సాగిపోయేది. సహాయనిధి అనే సందర్భం ఆ పాట చుట్టూ ఉన్న మౌనాన్ని బద్దలు కొట్టింది. కళ ద్వారా కరువుకు సాయం చేయాలన్న సదుద్దేశమే కళలో కరువుకు చోటు లేదన్న సంగతిని బయటపెట్టింది.

3. విఘ్నానికి అర్థం దొరికినప్పుడు

భారతీయ రససిద్ధాంతంలో ఈ చీలికకు ఒక పేరు ఉన్నది. నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడు రసాస్వాదనకు ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ఒకటి దేశకాలవిశేషాల ఆవేశం: ప్రదర్శిస్తున్న భావాన్ని తనదనో, ఇంకొకరిదనో, ఫలానా చోట ఫలానా సమయంలో జరిగినదనో పట్టుకొని ఉండిపోవడం. మరొకటి ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం. ఈ విఘ్నాలు తొలగితేనే భావం సాధారణీకరణ పొంది రసమవుతుంది. గీతం, వాద్యం, అలంకృత రంగస్థలం, నటుని వేషభాషలు ఈ విఘ్నాలను తొలగించే ఉపాయాలు.

ఈ దృష్టితో చూస్తే చంద్రలేఖ అనుభవం స్పష్టంగా విఘ్నమే. రాయలసీమ అనే దేశం, 1952 అనే కాలం యమున అనే సాధారణీకృత ప్రవాహంలోకి చొరబడ్డాయి. అయితే ఇక్కడ రెండు తేడాలు ఉన్నాయి. మొదటిది, అభినవగుప్తుని చర్చ ప్రధానంగా సహృదయుని గురించి. చంద్రలేఖ విషయంలో విఘ్నం కలిగింది నర్తకికి. రసాస్వాదన ప్రేక్షకునిదే గాని నటునిది కాదన్నది అభినవగుప్తుని అభిప్రాయం. నటుడు ఆస్వాదనకు సాధనం, అందుకే అతనికి "పాత్ర" అని పేరు. మద్యం రుచి గిన్నెకు తెలియదు గదా అన్నది ఆయన తర్కం. 1952 నాటి సభలో ఆ పాత్రకు స్పృహ వచ్చింది. తనలో నింపిన నీరు ఎవరిది, ఎవరికి అందడం లేదు అన్న ప్రశ్న పాత్రలోనే పుట్టింది. నీళ్ళ డబ్బాలతో నిలుచున్న మనుషుల చిత్రం ఆమెకు గుర్తుకు రావడంలో, అభినయానికి సాధనమైన శరీరానికి, నీటికి సాధనమైన డబ్బాకు మధ్య ఒక విషాదకరమైన సామ్యం ఉంది.

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. సంప్రదాయ సిద్ధాంతం ప్రకారం విఘ్నాన్ని తొలగించాలి. చంద్రలేఖ దానిని తొలగించలేదు, మరచిపోలేదు. దానినే తరువాతి ఆలోచనకు మూలంగా నిలుపుకున్నారు. రసవిఘ్నాన్ని అణచివేయకుండా దాని అర్థాన్ని అన్వేషించే నృత్యం అన్నది సమకాలీన నృత్యానికి ఈ ఘట్టం అందించే నిర్వచనం. ఈ నిర్వచనానికి ఒక ప్రయోజనం ఉంది. ఇది పాశ్చాత్య ఆధునిక నృత్యచరిత్ర నుండి అరువు తెచ్చుకున్నది కాదు, శైలీలక్షణాల పట్టిక కూడా కాదు. కూచిపూడి దుస్తుల్లో, కూచిపూడి అడుగులతో ఆడుతున్న విద్యార్థినికి కూడా ఇది వర్తిస్తుంది.

తెలుగు నేలపై పుట్టిన నృత్యశాస్త్రం కూడా ఈ ఆలోచనకు విరుద్ధం కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని పదమూడో శతాబ్దిలో రచించిన "నృత్తరత్నావళి" ఎనిమిది అధ్యాయాల గ్రంథం. మొదటి నాలుగు మార్గానికి, తరువాతి నాలుగు దేశికి కేటాయించాడు. తన కాలంలో, తన చుట్టూ ఆడుతున్న రూపాలను చూసి లక్షణీకరించి, శాస్త్రగ్రంథంలో సగం చోటు వాటికి ఇచ్చిన విమర్శకుడాయన. "దేశి" అనే మాటను జానపదం అని కుదించి అర్థం చేసుకోవడం వల్ల, అది ఒకనాటి సమకాలీన నృత్యానికి పేరన్న సంగతి మరుగున పడింది.

4. చూడడంలో శిక్షణ

ఆడే శరీరంలో కలిగిన చీలిక చూసే కంటికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు చంద్రలేఖ సమాధానం చాలా ఆలస్యంగా వచ్చింది. "దేవదాసి", "నవగ్రహ" వంటి తొలి కృతుల తరువాత ఆమె చాలా ఏళ్ళు రంగస్థలానికి దూరంగా ఉన్నారు. 1984లో బొంబాయిలో జరిగిన ప్రాచ్య-పాశ్చాత్య నృత్య సమాగమంతో తిరిగి వచ్చారు. 1985లో "అంగిక" వెలువడింది. భరతనాట్యం, కళరిపయట్టు, యోగ ఈ మూడింటి మధ్య గల శారీరక సంబంధాన్ని రంగస్థలంపై నిలబెట్టిన కృతి ఇది. దేవతాకథలు, నాయికా విరహం, ఆభరణాలు, చిరునవ్వు తొలగిపోయి వెన్నెముక, భారం, శ్వాస, స్థలవిభజన ముందుకు వచ్చాయి. 2001లో ప్రదర్శితమైన "శరీర" ఆమె చివరి కృతి. గుందేచా సోదరుల ధ్రుపద గానానికి ఒక స్త్రీ, ఒక పురుషుడు అతి నెమ్మదిగా కదిలే కృతి అది. అనేక ప్రదర్శనల్లో ఆ స్త్రీ పాత్రను నిర్వహించిన తిశానీ దోషి వృత్తిరీత్యా కవయిత్రి. శాస్త్రీయ నృత్యశిక్షణ పొంది వచ్చినవారు కారు.

కూచిపూడి విద్యార్థిని "శరీర" వంటి కృతిని చూసినప్పుడు ముందుగా విఫలమయ్యేది ఆమె చదివే అలవాటు. హస్తం కనిపించగానే వినియోగం వెదకడం, చూపు మారగానే భావం పేరు చెప్పుకోవడం, నట్టువాంగం వినగానే తాళం లెక్కపెట్టడం ఆమెకు శిక్షణలో అబ్బిన నైపుణ్యాలు. అవి విలువైనవే. అయితే "శరీర"లో చదవడానికి హస్తభాష లేదు. ఒక కాలు నేలను విడిచి పైకి లేవడానికి పట్టే సుదీర్ఘ సమయమే అక్కడ విషయం. అర్థం చెప్పమని అడిగే కంటికి అది శూన్యంగా తోస్తుంది. భారం ఎటు ఒరుగుతున్నది, ఊపిరి ఎక్కడ ఆగుతున్నది, కదలిక వెన్నెముకలో ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతున్నది అని గమనించే కంటికి మాత్రం ఎంతో జరుగుతుంది.

ఇక్కడ కూచిపూడి శిక్షణ ఆటంకమేనా? పూర్తిగా కాదు. అరమండిలో గంటల తరబడి నిలిచిన శరీరానికి తొడల్లోని నొప్పి తెలుసు. ఇత్తడి పళ్ళెం అంచుపై నిలిచి, తలపై నీటి చెంబుతో తరంగం ఆడిన విద్యార్థినికి నీరు తొణకకుండా భారాన్ని మోయడమంటే ఏమిటో తెలుసు. సభికులు ఆ చెంబును సాహసంగా చూసి చప్పట్లు కొడతారు. ఆమెకు మాత్రం అది మెడలోను పాదాల్లోను జరిగే నిరంతర సర్దుబాటు. సమకాలీన నృత్యం ఆమెను చూడమనేది ఇటువంటి సర్దుబాటునే. తాను ఆడినప్పుడు అనుభవించి, ఇతరులను చూసినప్పుడు లెక్కలోకి తీసుకోని విషయాన్ని చూపులోకి తెచ్చుకోవడమే ఈ కొత్త శిక్షణ. అందుచేత ఆడడం, చూడడం వేర్వేరు విద్యలు కావు. ఆడిన శరీరపు జ్ఞాపకమే చూసే కంటికి వ్యాకరణం.

ఫోను తెర ఈ శిక్షణకు పెద్ద అడ్డంకి. నెమ్మదిని కథావస్తువుగా చేసుకున్న కృతిని వేలితో ముందుకు జరపవచ్చు. కెమెరా ఎంచిన దగ్గరి దృశ్యం వెన్నెముకకు బదులు ముఖాన్ని చూపుతుంది. స్థలవిభజన తెర చట్రంలో నలిగిపోతుంది. కాలాన్ని దాటవేసే సౌకర్యంతో చూసినప్పుడు కాలంతో ముఖాముఖి అయ్యే నృత్యం సారం కోల్పోతుంది. నగరాలకు దూరంగా ఉన్న విద్యార్థికి ఇది వ్యక్తిగత అశ్రద్ధ కాదు. ప్రదర్శనలు నగరాల్లోనే జరిగి, వాటి నీడలు మాత్రమే ఊళ్ళకు చేరే ఏర్పాటు ఫలితం.

5. నీళ్ళు మళ్ళీ ఎక్కడికి పోయాయి?

ఇంతవరకు చంద్రలేఖ అనుభవాన్ని ఆమె పక్షాన నిలిచి చదవడం జరిగింది. విమర్శ ఇక్కడితో ఆగకూడదు. 1952 నాటి చీలిక నీటి గురించి, నీరు లేని మనుషుల గురించి. 1985 తరువాతి కృతుల్లో యమున పోయింది, సరే, రాయలసీమ వచ్చిందా? రాలేదు. నీటి సమృద్ధిని పాడే కథనాన్ని తొలగించిన రంగస్థలంపై నీటి కరువుకు కూడా చోటు మిగల్లేదు. డబ్బాలు పట్టుకొని నిలబడిన జనం మొదటిసారి పాటలో లేరు. రెండోసారి శుద్ధశరీర సౌందర్యంలోనూ లేరు. కరువు బాధితులు ఒక కళాకారిణి ఆత్మపరిశీలనకు నేపథ్యంగా మిగిలిపోయారన్న అభ్యంతరాన్ని తోసిపుచ్చడం తేలిక కాదు.

దీనికి చంద్రలేఖ పక్షాన చెప్పగల సమాధానం ఉన్నది. శరీరం మొద్దుబారిన సమాజం ఇతరుల బాధను గుర్తించలేదని, శరీరానికి దాని స్పృహను తిరిగి ఇవ్వడమే రాజకీయ చర్య అని ఆమె కృషి సూచిస్తుంది. రంగస్థలానికి దూరంగా ఉన్న ఏళ్ళలో ఆమె పోస్టర్ల రూపకల్పనలోను, స్త్రీల ఉద్యమాల్లోను పాలుపంచుకున్నారు. ఈ సమాధానానికి బలం ఉన్నా అది సంపూర్ణం కాదు. స్పృహ పొందిన శరీరం ఎవరి వైపు తిరుగుతుందన్న ప్రశ్నను అది ప్రేక్షకునికే వదిలివేస్తుంది.

ఆ దశాబ్దంలోనే తెలుగు సాహిత్యం మరో మార్గాన నడిచింది. 1956లో గ్రంథరూపం పొందిన విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" ఎండిపోయిన నదిని, ఆ నది ఒడ్డున బతికే పేదలను కావ్యవస్తువుగా చేసుకున్నది. నదీవర్ణన అనే ప్రాచీన కావ్యాంశం నీరు లేని నదిని వర్ణించవలసి రావడం అక్కడి సమకాలీనత. నృత్యానికి అటువంటి "పెన్నేటి పాట" ఎందుకు లేదన్న ప్రశ్న నృత్యవిమర్శ అడగదగినది.

కూచిపూడి నుండి వచ్చిన దగ్గరి సమాధానం వెంపటి చినసత్యం రూపొందించిన "చండాలిక". రవీంద్రనాథ్ ఠాగూర్ 1933లో నాటకంగా, 1938లో నృత్యనాటికగా రచించిన ఇతివృత్తాన్ని తెలుగు కూచిపూడి నృత్యనాటకంగా మలచిన కృతి ఇది, సాహిత్యం ఎస్.వి. భుజంగరాయశర్మది. దాహంతో వచ్చిన బౌద్ధభిక్షువు ఆనందుడు అస్పృశ్యురాలైన ప్రకృతిని నీళ్ళు అడగడం కథకు కీలకం. ఆమె చేతి నీరు తాగదగినదేనని అతడు చెప్పినప్పుడు ఆమెలో తాను మనిషినన్న స్పృహ పుడుతుంది. శోభానాయుడు ప్రధాన భూమికల్లో సత్యభామ, పద్మావతులతో పాటు ఈ చండాలిక కూడా ఉన్నది.

ఇక్కడ నీరు అలంకారం కాదు, సామాజిక సంబంధం. బావి దగ్గర ఎవరు నిలబడవచ్చు, ఎవరి కుండ ఎవరిని తాకరాదు అన్న వ్యవస్థ ఒక దోసెడు నీటిలో ప్రతిఫలిస్తుంది. వస్తువు దృష్ట్యా చంద్రలేఖ వదిలివేసిన మనిషిని "చండాలిక" రంగస్థలం మధ్యకు తెచ్చింది. అయితే రూపం దృష్ట్యా ప్రశ్న మిగిలే ఉంది. అస్పృశ్యతను అనుభవిస్తున్న శరీరం కూచిపూడి లాస్యంలో, సత్యభామ వాలుజడకు అలవాటైన అంగసౌష్టవంలో ఎంతవరకు పలుకుతుంది? వేదనను సైతం అందంగా పలికించగల శిక్షణే ఆ వేదనలోని గరుకుదనాన్ని నునుపు చేస్తుంది. చంద్రలేఖ శరీరాన్ని ప్రశ్నించి వస్తువును వదిలారు. "చండాలిక" వస్తువును ప్రశ్నించి శరీరాన్ని పాత తీరులోనే ఉంచింది. ఈ రెండు అసంపూర్ణతలను పక్కపక్కన నిలిపి చూడగలిగిన విద్యార్థికి తన పని ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

6. గొల్లభామ వేషం, గొల్లల ఆట

చోడవరం విద్యార్థిని విషయంలో ఆ పని మరో రూపం తీసుకుంటుంది. ఆమె "మథురా నగరిలో" అభినయించేటప్పుడు గొల్లభామ అవుతుంది. తలపై కుండ, నడుమున చేయి, కళ్ళలో బెదురు, కృష్ణుని పట్ల దాచుకున్న ఇష్టం అన్నీ ఆమెకు నేర్పుతారు. కూచిపూడి సంప్రదాయంలో గొల్లభామకు ఇంకా గంభీరమైన రూపమూ ఉంది: "గొల్లకలాపం"లో ఆమె బ్రాహ్మణునితో యజ్ఞం గురించి, పిండోత్పత్తి గురించి వాదిస్తుంది. శాస్త్రీయ వేదికపై గొల్లస్త్రీ ప్రేమిస్తుంది, తర్కిస్తుంది. ఆ వేషాన్ని ధరించేవారు మాత్రం చాలా కాలం గొల్లవారు కారు, స్త్రీలూ కారు.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో యాదవులు తరతరాలుగా ఆడే ఆట తప్పెటగుళ్ళు. రేకుతో చేసిన గుండ్రని వాద్యాన్ని మెడనుండి రొమ్ముపైకి వేలాడదీసుకొని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్ళ గజ్జెలు ఘల్లుమనగా బృందంగా ఎగిరి ఆడతారు. వలయాలు కడతారు, ఒకరిపై ఒకరు నిలిచి గోపురాలు కడతారు. వానల కోసం, పశువుల క్షేమం కోసం గంగమ్మను కొలిచే సందర్భాలతో ఈ ఆటకు సంబంధం ఉంది. కృష్ణకథలు వీరి పాటల్లోనూ ఉన్నాయి.

ఈ రెంటినీ ఒకచోట ఉంచితే 1952 నాటి వైరుధ్యం ఉత్తరాంధ్ర నేలపై కొత్త ఆకారంలో కనిపిస్తుంది. ఒకవైపు గొల్లభామ వేషంలో నిండు యమునను అభినయించే విద్యార్థిని; మరోవైపు నీటికోసం గంగమ్మను వేడుకొంటూ ఆడే గొల్లలు. నీటిని విస్తారంగా కోరే చెరకు పండే ప్రాంతంలో వాన రావడం, రాకపోవడం కవిసమయం కాదు. అయినా మొదటిది అరంగేట్రానికి, ధ్రువపత్రానికి, సభకు అర్హమైన నృత్యం; రెండోది పండుగనాటి ఊరేగింపుకూ ప్రభుత్వ ఉత్సవాల్లో స్వాగత కార్యక్రమానికీ పరిమితమైన ఆట. నర్తనం, సందర్భం, నీరు ఈ మూడూ తప్పెటగుళ్ళలో చీలిపోలేదు. చంద్రలేఖ ఏ ఐక్యత కోసం వెదికారో దాని ఒక రూపం అక్కడ ఉన్నది. దానికి సమకాలీనమన్న పేరు రాకపోవడానికి కారణం దాని రూపంలో లేదు, పేరు పెట్టే అధికారం ఎక్కడున్నదన్న దానిలో ఉంది. చీలికను అనుభవించిన ఒక్క నగర కళాకారిణి పేరు చరిత్రకెక్కింది; చీలని ఆటను ఆడే బృందాలు జానపదం అనే సామూహిక నామం కింద పేరులేకుండా ఉండిపోయాయి.

ఈ గుర్తింపు వెంటనే ఒక ప్రమాదకరమైన పరిష్కారాన్ని సూచిస్తుంది: తప్పెటగుళ్ళ ఎగురుళ్ళు కొన్ని తెచ్చి కూచిపూడి జతుల మధ్య చేర్చి "ఫ్యూజన్" అనడం. తెలుగు నృత్యచరిత్ర ఇటువంటి చేర్పుల విషయంలో జాగ్రత్త నేర్పుతుంది. కళావంతుల పదాలు, జావళీలు, అభినయసంపద ఆధునిక శాస్త్రీయ వేదికకు చేరాయి. 1947 నాటి మద్రాసు దేవదాసి చట్టం తరువాత ఆ స్త్రీలు మాత్రం వేదికకు దూరమయ్యారు. కదలికలు ప్రయాణించి మనుషులు ఆగిపోయిన చరిత్ర అది. తప్పెటగుళ్ళ అడుగును అరువు తెచ్చుకునే విద్యార్థిని ఆ చరిత్రను పునరావృతం చేయకుండా ఉండాలంటే, ముందు ఆ ఆట ముందు ప్రేక్షకురాలిగా నిలబడాలి. "శరీర"ను చూడడానికి నేర్చుకున్న ఓపికతోనే దానినీ చూడాలి: రొమ్ముపై వాద్యం బరువు ఎగిరే శరీరాన్ని ఎలా మారుస్తున్నది, వయసు మీరిన ఆటగాడు తన ఎగురును ఎలా సర్దుకుంటున్నాడు, వలయంలో ఒకరి ఊపిరి మరొకరికి ఎలా అందుతున్నది అని గమనించాలి. జాయపసేనాని దేశి రూపాలకు ఇచ్చిన గౌరవం ఇటువంటి చూపే.

7. ముగింపు

సమకాలీన నృత్యాన్ని శైలిగా నిర్వచించినంత కాలం అది చిన్న ఊరి విద్యార్థికి నగరం నుండి దిగుమతి అయ్యే వస్తువుగానే ఉంటుంది. ఆడుతున్న శరీరం తన దేశకాలాలను గుర్తించి, ఆ గుర్తింపును విఘ్నంగా తోసివేయకుండా నిలుపుకోవడంగా నిర్వచించినప్పుడు అది ఆమె అభ్యాసంలోనే మొదలవుతుంది. చంద్రలేఖ అరంగేట్రం ఈ నిర్వచనానికి బలమైన ఆధారం. ఆమె తరువాతి కృతులు దాని శక్తిని, పరిమితిని కూడా చూపుతాయి. "చండాలిక" వస్తువులో సాధించినదీ రూపంలో వదిలినదీ ఆ పరిమితికి ఎదురుగా నిలుస్తాయి. తప్పెటగుళ్ళు ఈ చర్చ మొత్తాన్ని తలక్రిందులు చేసి, చీలిక ఎవరిదో, గుర్తింపు ఎవరికో అడుగుతాయి.

కళాశాలల్లో నృత్యాన్ని బోధించేవారికి దీనినుండి ఒక ఆచరణీయమైన సూచన లభిస్తుంది. విద్యార్థి రాసే ప్రదర్శన నివేదికలో సాధారణంగా రాగం, తాళం, నాయికాభేదం, ఆహార్యం నమోదవుతాయి. వాటితో పాటు మరి మూడు వివరాలను అడగాలి: ఈ అంశాన్ని ఏ సందర్భంలో, ఎవరి ఎదుట ఆడారు? ఆడుతున్నప్పుడు శరీరానికి తెలిసి, చూసేవారికి తెలియనిది ఏమిటి? ఈ అభినయంలో వేషంగా కనిపించే మనుషులు నిజజీవితంలో ఏ నృత్యం ఆడుతున్నారు, దానిని విద్యార్థి చూశారా? ఈ మూడింటికి నిజాయితీగా సమాధానం రాసిన విద్యార్థి "మథురా నగరిలో" ఆడడం మానుకోనక్కరలేదు. కుండలో నీరు నిండుగా ఉన్నట్లు అభినయించే చేతికి ఆ కుండ బరువు మాత్రం మునుపటిలా ఉండదు. ఆ బరువు తేడాను చూసి చెప్పగలగడం తెలుగు నృత్యవిమర్శ ముందున్న పని.